గుఱ్ఱపు తోక రాలకుండుటకును, ఒత్తుగ పెరుగుటకును రైతులు చేయవలసిన పనులు

గుఱ్ఱమునకు తోకయే విసనకఱ్ఱ. రాయలసీమలో వానలు కురిసి కుంటలు నిండినది మొదలు చలి ముదురు వఱకు జోరీగలు పశువులను నిలువనీయవు. ఎద్దునకు దళసరి చర్మము కలదు. గుఱ్ఱపు చర్మము పలుచనిది. తోక చాలినంత పొడవు లేని గుఱ్ఱము పగలెల్ల కాళ్లు తాటించుచు, తల విసరుచు, మేత మేయక చిక్కిపోవును. అంతకంటె గొప్ప అపాయము మఱియొకటి కలదు. సర్రా అను జ్వరమును ఒక గుఱ్ఱము నుండి మఱియొక గుఱ్ఱమునకు చేర్చునవి ఈ జోరీగలే. 1880వ సంవత్సరమున గ్రిఫిత్ ఇవాన్సు అను పశువైద్యుడు డేరా ఇస్మాయిల్ ఖానులో జబ్బుపడిన గుఱ్ఱముల యొక్కయు ఒంటెల యొక్కయు రక్తమున ఈ రోగమునకు మూలమైన సూక్ష్మజీవిని కనుగొనెను. వచ్చుచు పోవుచునుండు జ్వరము, రక్తహీనత, కాళ్లకును పొట్టక్రిందను నీరుపట్టుట దీని గుర్తులు. చికిత్స జరుగనిచో గుఱ్ఱము దక్కుట అరుదు. కావున తోకను గూర్చిన శ్రద్ధ కేవలము సొగసు కొఱకని తలపరాదు.

ఎఱ్ఱగుంట్ల మద్రాసు–బొంబాయి రైలుమార్గముపై నున్నది. 2016లో నంద్యాల మార్గము తెఱవబడు వఱకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణములకు రైలు లేదు. ఆ ఊళ్లవారు ఈ స్టేషనున దిగి బండ్లపై పోవలసినవారే. జట్కాల కాలము గతించినది. నేడు గుఱ్ఱమును పోషించువారు పెక్కుమంది పెండ్లి ఊరేగింపులను నమ్ముకొని యున్నారు. వారికి తోక రాలిన గుఱ్ఱము వలన బాడుగ రాదు. అందుచే ఎవరేది చెప్పినను ఆ నూనె కొని పూయుచుందురు. ఆ ధనము చాలవఱకు వ్యర్థము.

తోకలోని ఎముక చిన్న చిన్న పూసలుగా నుండును. అవి సుమారు 18. వెండ్రుకల కుదుళ్లు ఈ ఎముకను కప్పిన చర్మమున మాత్రమే యున్నవి. వెండ్రుక కుదురు నుండి నెలకు ముప్పాతిక అంగుళము మొదలు ఒక అంగుళము వఱకు పెరుగును. ఎముక చివర నుండి మోకాలి మడమ దిగువకు వ్రేలాడు తోకకు 30 అంగుళముల వెండ్రుక కావలెననుకొన్నచో, మూడు సంవత్సరములైనను పట్టును. కొన కత్తిరించినచో మొదలు వేగముగ పెరుగునను నమ్మకము కలదు గాని, కొనకును కుదురునకును సంబంధమేమియు లేదు. మూడేండ్లలో పెరిగినది మూడు వారములలో పోగలదు. కనుక పెంచుటకంటె ముందు, పోవుటకు కారణమేదో వెదకవలెను.

మొదట మేతను చూడవలెను. సుబాబుల్ చెట్టు మధ్య అమెరికా ప్రాంతమునుండి వచ్చినది. 1970వ దశాబ్దము మొదలు వంటచెఱకునకును, కాగితపు మిల్లులకును, పశువుల మేతకును భారతదేశమున విస్తారముగ నాటబడి, ఇప్పుడు గట్లమీదను బంజరులలోను తానే మొలచుచున్నది. ఎండకాలమున ఇతరమైన పచ్చి మేత లేనప్పుడు దీని రొట్ట పచ్చగ కనబడును. మేకలు ఆశగా తినును, వాటికి హాని కానరాదు. అది చూచి గుఱ్ఱమునకును వేయుదురు. ఇచ్చటనే పొరపాటు జరుగుచున్నది. ఈ ఆకులోను గింజలోను మైమోసిన్ అను పదార్థము కలదు. అది వెండ్రుక కుదుళ్లలోని కణములు వృద్ధి పొందకుండ అడ్డును. నెమరువేయు జంతువుల మొదటి కడుపులో తగిన సూక్ష్మజీవులున్నచో అవి ఈ విషమును విఱుగగొట్టును. 1980వ దశాబ్దమున ఆస్ట్రేలియావారు హవాయి ద్వీపములోని మేకల కడుపునుండి అట్టి సూక్ష్మజీవులను తెచ్చి తమ పశువుల కెక్కించి మేలు పొందిరి. గుఱ్ఱము నెమరువేయదు; దానికి ఆ రక్షణ లేదు. బహమా ద్వీపములందును జమైకాయందును ఈ చెట్టు మేసిన గుఱ్ఱముల జూలును తోకయు ఊడిపోవుట 1890వ దశాబ్దముననే ఎఱిగియున్నారు.

దీనిని గుర్తించుట కష్టము కాదు. జూలును తోకయు ఒకేసారి పలుచబడును; చేతితో మెల్లగ లాగినను కుచ్చులుగా మొదలంట ఊడివచ్చును; చర్మముపై దురద గాని పుండు గాని యుండదు. కొన్నిటికి గిట్టలును చెడును. మందు లేదు, మేత మానిపించుటయే మందు. మానిపించినచో కుదుళ్లు చావనందున వెండ్రుకలు మరల మొలచును. మేకలకు కొట్టివేసిన మండలు గుఱ్ఱమునకు అందుచోట పడియుండనీయరాదు.

వెండ్రుక మొదలంట ఊడక, తోక మొదటిభాగమున తెగి గరుకుగ ఎలుకతోకవలె నున్నచో, గుఱ్ఱము గోడకో గుంజకో రాచుకొనుచున్నదని తెలిసికొనవలెను. దీనికి ముఖ్యకారణము ఆక్సియూరిస్ అను ప్రేగుపురుగు. దీని ఆడుపురుగు ఆసనము వెలుపలికి వచ్చి చుట్టును జిగురుతో గ్రుడ్లు పెట్టును. అది ఎండి పసుపు కలిసిన బూడిదరంగు పొరవలె అంటియుండును. ఆ జిగురే దురద పుట్టించును. పేడను మాత్రమే పరీక్షించిన ఈ గ్రుడ్లు తఱచుగ కానరావు గనుక, ఆసనము చుట్టునుండి తీసి చూపవలెనని పశువైద్యునితో చెప్పుట మంచిది. గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో ఆ చోటు ప్రతిదినము తుడిచి, ఆ గుడ్డను కాల్చివేయవలెను. గాడియు, గుఱ్ఱము రాచుకొనిన గుంజయు కడుగవలెను. పురుగుమందు గుఱ్ఱపు బరువునుబట్టి వైద్యుడు నిర్ణయింపవలసినది. ఎద్దునకు తెచ్చినది మిగిలినదని పోయరాదు.

పురుగు లేకయు రాచుకొనుచున్నచో పేలు గాని, నుసుమువంటి సన్నని దోమలు గాని కారణము కావచ్చును. ఈ దోమలు తెల్లవాఱుజామునను ప్రొద్దుగ్రుంకువేళను కుట్టును; తడిసిన పేడలోను కుంట ఒడ్డు బురదలోను పుట్టును. ఆ రెండు వేళల గుఱ్ఱమును కొట్టములో కట్టి వేపాకు పొగ వేయుటయు, పేడకుప్పను దూరముగ నుంచుటయు ఉపకరించును. ఇక జీనునుండి తోకక్రిందుగా త్రిప్పిన పట్టె ఒరిపిడి వలన పుండగుట కేవలము యజమాని అశ్రద్ధ.

మేత సంగతి. వెండ్రుక మాంసకృత్తులతో నిర్మితమైనది. కరవు సంవత్సరమున జొన్నచొప్ప మాత్రమే తిను గుఱ్ఱమునకు తోక ఒత్తుగ నుండదు. ఉలవలు ఉడికించి పెట్టు మన పాత అలవాటు దీనికి మిక్కిలి తగినది. మంచి వేరుశనగ కట్టెయు మేలే. బూజు పట్టిన కట్టెయు, బూజు పట్టిన తెలికపిండియు కాలేయమును చెఱచును. ఉప్పుగడ్డ నాకుటకు అందుబాటున నుండవలెను.

నల్లరేగడి నేలలో పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు తోకలో చిక్కుకొని ఉండలు కట్టును. ఇనుప దువ్వెనతో పైనుండి లాగుట సాధారణముగ కనబడు దురభ్యాసము. ఒక్క సాయంకాలమున ఆఱుమాసముల పెరుగుదల తెగిపోవును. కొంచెము నువ్వులనూనె వ్రేళ్లకు రాచుకొని, కొననుండి మొదలుపెట్టి, పాయపాయగ పైకి విడదీయవలెను. నూనె పని ఇంతమాత్రమే. కుంకుడురసముతో కడిగినచో మొదళ్లలో నురుగు నిలువకుండ మంచినీటితో జాడించవలెను. మిగిలినది దురద పుట్టించును. ఊరేగింపునకు కట్టిన జరీ కుచ్చులను, బిగుతైన ముడులను ఆ రాత్రియే విప్పవలెను. ఎముకపై గట్టిగ కట్టిన త్రాడు రక్తప్రసరణమును ఆపి తోకకే చేటు తెచ్చును.

పూర్వము ఐరోపాలో బండి గుఱ్ఱముల తోక ఎముకనే కోయు ఆచారముండెను. ఇంగ్లండున 1949లో చట్టముచే దానిని నిషేధించిరి. మన దేశమున అకారణముగ జంతువు అంగమును ఖండించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరము.

కారణము తొలగినదో లేదో తెలిసికొనుటకు ఆఱువారములైన పిదప తోక మొదట చేయి పెట్టి చూడవలెను. అంగుళము పొడవున కొత్త వెండ్రుకలు నిక్కపొడుచుకొని చేతికి తగులును. తగులనిచో, లేదా చర్మము మందమై చీము పట్టినచో, ఆలసింపక గుఱ్ఱమును పశువైద్యశాలకు తోలుకొని పోవలెను.