బ్రేకు హోసుకు అతుకులు పనికిరావు
పాత అంబాసిడర్లు వున్నవారు తెలుసుకోదగిన సంగతులు

గుడివాడ (మా గ్రామీణ విలేఖరి): పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే డెల్టా పల్లెల్లో షెడ్డుల్లో వున్న పాత అంబాసిడర్లకు మళ్లీ పని పడుతుంది. దుమ్ము దులిపి, బ్యాటరీ మార్చి, టైర్లకు గాలి కొట్టించి రోడ్డెక్కిస్తారు. ఇంజను పలికితే చాలు, బండి సిద్ధమైనట్టే అనుకుంటారు. అయితే బండి కింద, చక్రాల వెనుక, జానెడు పొడవున్న రబ్బరు గొట్టాలు మూడు వుంటాయి. వాటి సంగతి పట్టించుకునేవారు తక్కువ. అవే బ్రేకు హోసులు. కాలువ గట్టున, వంతెన దిగుడులో, ఏడెనిమిది మందిని ఎక్కించుకున్న కారు ఆగుతుందా లేదా అన్నది ఈ మూడు గొట్టాల మీదే ఆధారపడి వుంది.

అంబాసిడర్ కారు తయారీ నిలిచిపోయి చాలాకాలమైంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నమూనా ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ సంస్థ 1950ల చివరి నుంచి 2014 వరకు దీన్ని తయారుచేసింది. 2014 మే నెలలో ఫ్యాక్టరీలో పని ఆగింది. అంటే చిట్టచివర తయారైన బండి కూడా ఇప్పుడు పాతదే. అసలు విడిభాగాలు దొరకడం కష్టమైన కొద్దీ, ఏదో ఒకటి సర్దుబాటు చేసి బండి నడిపించే అలవాటు పెరిగింది. మన మెకానిక్కుల చేతివాటం గొప్పదే. సైలెన్సరుకు రేకు అతికినా, తలుపు గొళ్లేనికి తీగ చుట్టినా నష్టం లేదు. బ్రేకు హోసు విషయంలో మాత్రం ఈ సర్దుబాటు ప్రాణాల మీదకు తెస్తుంది.

పెడలు నొక్కితే ఏం జరుగుతుంది?

నిలిచివున్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పాడు. పిల్లలు హైస్కూల్లో చదివే సూత్రమే ఇది. కారు బ్రేకు దీని మీదే పనిచేస్తుంది. మనం పెడలు తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని బ్రేకు ఆయిల్ సన్నని ఇనుప పైపుల గుండా నాలుగు చక్రాలకూ ఒత్తిడిని మోసుకుపోతుంది. చక్రం దగ్గర వున్న వీల్ సిలిండర్ బ్రేకు లైనర్లను డ్రమ్ముకు అదుముతుంది.

అన్నిచోట్లా ఇనుప పైపే వేస్తే సరిపోదు. ముందు చక్రాలు స్టీరింగ్‌తో పాటు తిరుగుతాయి. వెనుక యాక్సిలు గతుకుల్లో పైకీ కిందికీ వూగుతుంది. ఇనుప పైపు అలా వంగితే నాలుగు రోజుల్లో విరిగిపోతుంది. అందుకే ముందు చక్రాలకు ఒక్కొక్కటి, వెనుక యాక్సిలుకు ఒకటి, మొత్తం మూడు చోట్ల వంగే హోసులు పెట్టారు. చూడటానికి మామూలు రబ్బరు గొట్టంలా వున్నా, అందులో లోపల ఒక రబ్బరు పొర, దాని మీద గట్టి దారంతో అల్లిన పొరలు, పైన మరో రబ్బరు పొర వుంటాయి.

టైరులో గాలి చదరపు అంగుళానికి 30 పౌన్ల లోపే వుంటుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఈ హోసులోని ఒత్తిడి 1,000 పౌన్లు దాటుతుంది. అమెరికాలో అయితే, బ్రేకు హోసు 4,000 పౌన్ల ఒత్తిడిని 2 నిమిషాలపాటు పగలకుండా ఆపగలగాలని నియమం వుంది. మన దేశంలో వీటికి ఐ.ఎస్. 7079 అనే ప్రమాణం వుంది.

నడవకపోయినా ముసలిదవుతుంది

కారు షెడ్డులోనే వుంది కదా, హోసు ఎందుకు పాడవుతుందని కొందరు అడుగుతారు. రబ్బరుకు వయసే శత్రువు. ఎండ, వేడి, గాలి తగిలి అది గట్టిపడుతుంది. నడిచినా నడవకపోయినా పగుళ్లు బారుతుంది. కొట్టులో ఏళ్ల తరబడి పడివున్న కొత్త హోసుకూ ఇదే గతి. కాబట్టి పాత స్టాకు దొరికిందని సంతోషించి తెచ్చేముందు దాన్ని వంచి చూడాలి. వంపు దగ్గర సన్నని గీతలు కనిపిస్తే వదిలేయాలి.

హోసు పాడైందని తెలిసే గుర్తులు మూడు. మొదటిది, పైన పగుళ్లు లేక చెమ్మ. రెండవది, పెడలు తొక్కినప్పుడు గొట్టం బుడగలా ఉబ్బడం. ఒకరు పెడలు తొక్కి పట్టుకుంటే మరొకరు కింద చూసి కనిపెట్టవచ్చు. మూడవది పైకి కనిపించదు. లోపలి రబ్బరు పొర ఉబ్బి రంధ్రం మూసుకుపోతుంది. పెడలు తొక్కితే ఆయిల్ వెళుతుంది కాని, వదిలినప్పుడు తిరిగి రాదు. అప్పుడు ఆ చక్రం బ్రేకు పట్టుకునే వుంటుంది. డ్రమ్ము చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. చాలామంది లైనర్లు మార్చి, వీల్ సిలిండర్ మార్చి, చివరికి హోసు దగ్గరకు వస్తారు.

పల్లెల్లో చేసే సర్దుబాట్లు

పగిలిన హోసుకు సైకిల్ ట్యూబు గట్టిగా చుట్టి తీగ కట్టడం ఒక పద్ధతి. పైన చుట్టిన ట్యూబు చెమ్మను దాచిపెడుతుందే తప్ప ఒత్తిడిని ఆపలేదు. చెమ్మ కనిపించకపోయేసరికి బాగైందనుకుని వేగం పెంచడమే ఇందులో పెద్ద ప్రమాదం.

పగిలినచోట కోసి, పెట్రోలు పైపు ముక్క తొడిగి రెండు వైపులా క్లిప్పులు బిగించడం మరొకటి. పెట్రోలు పైపు కొద్దిపాటి ఒత్తిడికి చేసినది. మెల్లగా తొక్కినప్పుడు నిలుస్తుంది. గేదె అడ్డం వచ్చి గట్టిగా తొక్కినప్పుడు, సరిగ్గా అవసరమైన ఆ క్షణంలో, వూడిపోతుంది.

హోసును కటింగ్ ప్లేయరుతో నొక్కిపట్టి, లేదా ఇనుప పైపును చదును చేసి ఆ చక్రానికి ఆయిల్ వెళ్లకుండా మూసి నడపడం కూడా వుంది. ముందు చక్రాల్లో ఒకదానికి బ్రేకు లేకపోతే, తొక్కగానే బండి రెండో పక్కకు లాగుతుంది. కాలువ గట్టు మీద అలా లాగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇలా మూసిన బండిలో ప్రయాణీకులను ఎక్కించడం తగదు.

పాత అంబాసిడర్లలో మరో చిక్కు వుంది. తొలి మోడళ్లలో మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ ఒకే వరుస. తర్వాతి కాలపు బండ్లలోలాగా రెండు విడి భాగాలు లేవు. మూడు హోసుల్లో ఏ ఒక్కటి పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారిగా పోతాయి. మిగిలేది చేతి బ్రేకు ఒక్కటే. అది కేబులుతో పనిచేస్తుంది కాబట్టి ఆయిల్‌తో దానికి పనిలేదు. అందుకే చేతి బ్రేకును ఎప్పుడూ పని చేసే స్థితిలో వుంచుకోవాలి. పెడలు నేలకు దిగిపోతే కంగారు పడకుండా రెండు మూడుసార్లు వేగంగా తొక్కి చూడాలి. గేరు తగ్గించి, చేతి బ్రేకును విడతలు విడతలుగా లాగాలి.

ట్రాక్టరు హోసు ఎందుకు పనికిరాదు?

రైతులు తరచు వేసే ప్రశ్న ఇది. నాలుగైదు టన్నుల ధాన్యం ట్రక్కును జాకీ పైకి లేపే హోసు, కారును ఆపలేదా? ట్రాక్టరు హోసులకు ఎండ్లు నొక్కి ఇచ్చే షాపులు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ వున్నాయి. పొడవు చెబితే గంటలో చేసి ఇస్తారు. అడగడం సబబే.

బలం విషయంలో ట్రాక్టరు హోసుకు వంక పెట్టలేము. చిక్కంతా లోపలి రబ్బరుతోనే. ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిల్ భూమిలోంచి తీసిన ముడి చమురుతో తయారైనది. దానికి తట్టుకునే రబ్బరును ఆ హోసులో వాడతారు. కారు బ్రేకు ఆయిల్ పేరుకు ఆయిలే కాని, అది గ్లైకాల్ జాతి రసాయనం. అది తగిలితే ట్రాక్టరు హోసులోని రబ్బరు కొంతకాలానికి ఉబ్బి మెత్తబడుతుంది. పెచ్చులు వూడి సన్నని పైపులో అడ్డం పడతాయి. పైగా ఆ హోసు లావు, బిరుసు. ముందు చక్రం పూర్తిగా తిరిగినప్పుడు దానితో పాటు వంగదు. వంగనిది ఎండు దగ్గర తెగుతుంది.

దీనికి తలకిందులైన పొరపాటు కూడా జరుగుతూ వుంటుంది. బ్రేకు ఆయిల్ తగ్గిందని ఇంజను ఆయిలో, ట్రాక్టరు ఆయిలో పోస్తారు. అప్పుడు కారులోని బ్రేకు రబ్బర్లన్నీ, అంటే మాస్టర్ సిలిండర్ వాషర్లు, వీల్ సిలిండర్ కప్పులు, మూడు హోసులు, ఒకేసారి ఉబ్బుతాయి. ఒక్క గరిటెడు పోసినా మొత్తం విప్పి, కడిగి, రబ్బర్లన్నీ మార్చవలసిందే. డబ్బాలో వున్నదేమిటో అనుమానం వస్తే ఒక చుక్క గ్లాసుడు నీళ్లలో వేసి చూడవచ్చు. గ్లైకాల్ బ్రేకు ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. ఇంజను ఆయిల్ పైన తేలుతుంది. తేలినదాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు.

ఆముదం పోసి బండి నడిపారని పెద్దలు చెప్పే కబురు మన పల్లెల్లో వినిపిస్తుంది. ఇది వట్టి కట్టుకథ కాదు. తొలినాటి బ్రేకు ఆయిళ్లను ఆముదంలో ఆల్కహాలు కలిపి తయారుచేసేవారు. అది ఆనాటి రబ్బరుకు పడేది. అయితే వట్టి ఆముదం చిక్కన, చలికి మరీ చిక్కబడుతుంది. నేటి బండికి డబ్బా మీద డాట్ 3 లేక డాట్ 4 అని వున్న ఆయిలే వాడాలి. ఏది పోయాలో బండి పుస్తకంలో వుంటుంది.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టినదానికి ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. బ్రేకు వేడికి ఆయిల్ మరిగి ఆవిరైతే పెడలు మెత్తగా దిగిపోతుంది. అందుకే మూత తీసి నెలల తరబడి వుంచిన డబ్బా వాడరాదు.

సరైన దారి ఏమిటి?

అసలు భాగం దొరకనప్పుడు కూడా దారి వుంది. పాత హోసును పారేయకుండా నమూనాగా తీసుకువెళ్లాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల అంబాసిడర్ సామాను కోసం విచారించవచ్చు. దొరకకపోతే, బ్రేకు ఆయిల్‌కు పనికివచ్చే గొట్టంతోనే కొత్త హోసు చేయించుకోవచ్చు. లోపల టెఫ్లాన్, పైన స్టీలు అల్లిక వున్న బ్రేకు హోసులు కూడా వస్తున్నాయి. చేసేవారిని రెండు మాటలు అడగాలి. ఇది బ్రేకు ఆయిల్‌కు చేసిన గొట్టమేనా? ఒత్తిడి పెట్టి పరీక్షించి ఇస్తారా? ఈ రెంటికీ అవునంటేనే తీసుకోవాలి.

మరలు సరిపోయాయో లేదో చూడటం అన్నిటికంటే ముఖ్యం. పాత ఇంగ్లీషు నమూనా బండ్లకు అంగుళాల మరలు వుంటాయి. ఇప్పటి బండ్లవి మిల్లీమీటర్ల మరలు. 3/8 అంగుళం మర అంటే 9.5 మిల్లీమీటర్లు. కొత్త బండ్ల మర 10 మిల్లీమీటర్లు. కంటికి తేడా కనిపించదు. ఒకటి రెండో దానిలో వదులుగా ఎక్కి, బిగిసినట్టే వుండి, ఒత్తిడికి వూడివస్తుంది. చేత్తో నాలుగైదు చుట్లు సాఫీగా ఎక్కితేనే, వదులు లేకపోతేనే, ఆ మర సరైనది. పొడవు కూడా పాతదానితో సమానంగా వుండాలి.

బిగించేటప్పుడు రెండు పానాలు వాడాలి. ఒకదానితో హోసు ఎండును కదలకుండా పట్టుకుని రెండోదానితో పైపు నట్టు తిప్పాలి. గొట్టం మెలిక పడకూడదు. రాగి వాషరు వున్నచోట కొత్తదే వేయాలి. బిగించాక స్టీరింగ్‌ను కుడికీ ఎడమకూ పూర్తిగా తిప్పి, హోసు లాగుతున్నదా, టైరుకు రాసుకుంటున్నదా అని చూడాలి. వెనుక హోసును బండి జాకీ మీద వున్నప్పుడు, దించినప్పుడు రెండుసార్లు చూడాలి.

తర్వాత గాలి తీయాలి. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా వున్న వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టి దగ్గర చక్రంతో ముగించాలి. సీసాలోకి వచ్చిన ఆయిల్‌ను తిరిగి పోయరాదు. బండి రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు లేస్తుంది. చివరగా పెడలును బలంగా తొక్కి ఒక నిమిషం పట్టుకోవాలి. పెడలు కిందికి జారకూడదు. మూడు హోసుల దగ్గరా చెమ్మ వుండకూడదు. ఖాళీ జాగాలో నెమ్మదిగా నడిపి చూసిన తర్వాతే రోడ్డెక్కాలి. రెండు రోజుల తర్వాత మళ్లీ ఒకసారి కింద చూడాలి.

ఒక హోసు పగిలిందంటే మిగిలిన రెంటికీ అదే వయసు. కాబట్టి మూడూ కలిపి మార్చడం మేలు. 15 ఏళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించే ముందు ఎలాగూ బండిని తనిఖీకి చూపించవలసిందే. ఆ తనిఖీ కోసం కాకపోయినా, పెళ్లికి బండి అడిగినవారికి తాళం ఇచ్చేముందు టార్చిలైటు పట్టుకుని ఒకసారి బండి కింద చూడటం యజమాని బాధ్యత. హోసు మీద సైకిల్ ట్యూబు చుట్టి కనిపిస్తే, ఆ బండిని మేస్త్రీ చూసేదాకా షెడ్డులోనే వుంచాలి.