చక్రవడ్డీ గీత

రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు. కావున శ్రోతలు ఒక కాగితమును, పెన్సిలును దగ్గర నుంచుకొనిన మేలు. అడ్డముగ కాలమును, నిలువుగ రూపాయలను గుర్తింపుడు. ఒకరు నూరు రూపాయలను రూపాయి వడ్డీకి, అనగా ఏడాదికి నూటికి 12 చొప్పున, ఏటేట వడ్డీని అసలులో కలుపు ఒడంబడికపై అప్పు తెచ్చిరనుకొందము. నడుమ చెల్లింపు లేదు. ఆరేండ్లకు అది 197, పండ్రెండేండ్లకు 390, పదునెనిమిదేండ్లకు 769 రూపాయలగును. ఈ బిందువులను కలుపగా ఏర్పడు వంపుగీతయే ఘాత ప్రమేయపు రేఖ. సమానమైన కాలములో సమానమైన రెట్లు పెరుగుటయే దాని స్వభావము.

అసలు నూరు గాక 200 అయినచో? గీతలోని ప్రతి బిందువును రెండింతల ఎత్తునకు పోవును. ఇది నిలువు సాగుదల. చిత్రమేమనగా, ఈ గీతను ఇట్లు పైకి సాగదీసినను, ఇంచుమించు ఆరేండ్లు ఎడమకు జరిపినను ఒకటే. రెట్టింపు అప్పు చేసినవాడు ఆరేండ్లు ముందుగా అప్పు చేసినవానితో సమానుడన్నమాట. వర్గముల రేఖకు ఈ గుణము లేదు.

వడ్డీ రెట్టింపైనచో కథ వేరు. అసలు నూరే, వడ్డీ మాత్రము రెండు రూపాయలు. ఇప్పుడు గీత కాలపు అక్షము వెంబడి ఇంచుమించు సగమునకు ముడుచుకొనును. ఆరేండ్లకు ఇతని బాకీ 364. రెట్టింపు అసలు తెచ్చినవాని 395 కంటె తక్కువే! ఇచ్చటనే పలువురు మోసపోవుదురు. పండ్రెండేండ్లకు అతనిది 779, ఇతనిది 1321. పదునెనిమిదేండ్లకు అతనిది 1538, ఇతనిది 4804. పత్రముపై వ్రాలు చేయునపుడు మనవారు అసలు అంకెను పదిమార్లు చదువుదురు. వడ్డీ అంకెను ఒకమారు చూచిన చాలుననుకొందురు.

ఇక ప్రతిబింబములు. అడ్డ అక్షముపై అద్దము నుంచినట్లు గీతను తలక్రిందు చేసిన, అదియే బాకీదారుని లెక్క. ఋణదాతకు పైకెక్కినంతయు ఇతనికి క్రిందికి దిగును. నిలువు అక్షముపై అద్దము నుంచినచో పెరుగుదల తరుగుదలగును. థైరాయిడ్ గ్రంథి వ్యాధులకు వాడు అయొడిన్-131 అను రేడియోధార్మిక ఔషధము ఈ త్రోవనే పోవును. ఆరేండ్లు అన్నచోట 8 దినములని వ్రాసికొనిన చాలును. 8 దినములకు సుమారు సగము, 16 దినములకు పాతిక, 24 దినములకు ఎనిమిదవ వంతు మిగులును. ఆసుపత్రివారు ఈ మందును నెలల తరబడి నిలువయుంచుకొనలేకపోవుట ఇందువలననే.