తక్కువ కాదంటే ఎక్కువని కాదు

బ్యాంకు ఉద్యోగాల పోటీ పరీక్షల్లో, రీజనింగ్ పేపరులో గుర్తుల లెక్కలు కొన్ని వస్తాయి. 'క > గ ≥ చ = ట' అని ఇచ్చి, కింద రెండు నిర్ణయాలు రాసి, ఏది నిజమని అడుగుతారు. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. మొన్న హాస్టల్లో రాసిన మోడల్ పరీక్షలో నాకు నాలుగు తప్పులొచ్చాయి. తప్పుకు పావు మార్కు కోత! అంటే కష్టపడి తెచ్చుకున్న ఒక మార్కు కూడా గల్లంతు.

సెలవులకు ఇంటికెళ్తే కళ్లంలో నాన్న అన్నాడు: "ఈ ఏడు మనకి పెదనాన్న వాళ్ల కంటే తక్కువ పండలేదురా." ఎక్కువ పండిందని ఆయన అనలేదు. సమానమైనా కావచ్చు. '≥' గుర్తంటే ఇదే కదా!

సూత్రాలు మూడే. గుర్తులన్నీ ఒకే వైపు తిరిగి ఉంటే చివరివరకు పోల్చవచ్చు. దారిలో ఒక్క '>' ఉన్నా సమానమయ్యే వీలు పోతుంది. కనుక పై లెక్కలో క > ట ఖాయం. రెండోది: గ, ట ల మధ్య '>' లేదు గనుక గ ≥ ట వరకే చెప్పగలం. 'గ > ట', 'గ = ట' అని రెండూ ఇస్తే, విడిగా ఏదీ నిలవదు; రెంటిలో ఒకటి మాత్రం నిజం. మూడోది: 'క > గ < చ' అని గుర్తులు ఎదురు తిరిగితే క, చ లకు పోలిక లేదు. మాకూ మామయ్యకూ పెదనాన్న కంటే ఎక్కువ పండినంత మాత్రాన, మా ఇద్దరిలో ఎవరికెక్కువో తేలుతుందా?

నా తప్పుల్లో మూడు ఇక్కడివే. తెలియనిదాన్ని తెలిసినట్టు ఊహించాను. మిత్రులారా, 'చెప్పలేము' అన్నదీ ఒక జవాబే. నాన్న అప్పు తెచ్చి కడుతున్న మెస్ బిల్లు తలుచుకుంటే, పావు మార్కు చిన్నదేం కాదు.