అలీసాగరమున నొక పడవ

సముద్రమునకు దూరమున నున్న జిల్లా యువకులకు నావికాశిక్షణ మెందులకని కొందరు ప్రశ్నింపవచ్చును. దానికి సమాధానము మన గ్రామములలోనే కలదు. నిజామాబాదు, ఆర్మూరు, బోధను ప్రాంతములలో గల్ఫు దేశములకు పోయినవాడు లేని యూరు అరుదు. మన బిడ్డలు సముద్రమును దాటుచునే యున్నారు; కాని కూలికై దాటుచున్నారు. నావికులుగా, ఓడల యింజనీర్లుగా, రేవుల యధికారులుగా దాటు మార్గము వేరొకటి కలదని వారికి జెప్పువారు తక్కువ. ఈ లోపమును గూర్చియే మేము నేడు వ్రాయదలచితిమి.

బ్రిటిషు నౌకాదళము విశ్వవిద్యాలయ విద్యార్థుల శిక్షణమునకు వినియోగించిన చిన్న గస్తీపడవల సంగతి యిచ్చట గమనింపదగినది. 1980 దశకమున నిర్మింపబడిన ‘ఆర్చరు’ తరగతి పడవ పొడవు సుమారు 20 మీటర్లు; బరువు 50 టన్నులకు కొంచెము మించును. కొలదిమంది నావికుల పర్యవేక్షణమున విద్యార్థులే దానిని నడపుట నేర్చుకొందురు. ఒక పూట చుక్కాని పట్టుదురు. ఒక పూట సముద్రపటముపై గీతలు గీచి తామున్న చోటు గుర్తింతురు. ఒక పూట యంత్రముల గదిలో నుందురు. వంతు వచ్చినపుడు వంటయు జేయుదురు. చదువు ముగిసిన పిమ్మట నౌకాదళమున చేరవలెనను నిర్బంధము లేదు. న్యాయవాదియైనను, వైద్యుడైనను, సముద్రముతో దేశమునకు గల సంబంధము నెరిగిన పౌరుడగుటయే వారు కోరిన ఫలము. ఇటీవల నీ పడవలను తీరదళమున చేర్చి యితర కార్యములకును వాడుచున్నారు. ఆంగ్లేయులు చేసినదెల్ల మన కాదర్శము కాదు. కాని సముద్రము నెరిగినందుననే వారు మన వాకిట కాలుమోపగలిగిరను మాట మరువరాదు.

మనకును సముద్రము క్రొత్తది కాదు. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణపు రేవునుండి మన వస్త్రములు పారసీక దేశమునకును, తూర్పు దీవులకును పోయెను. 1766 నాటి సంధితో ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల వశమైన పిదప తీరము క్రమముగా తెలంగాణమునకు పరాయిదయ్యెను. స్వాతంత్ర్యానంతరము 1948 మార్చి 14న విశాఖపట్టణమున ‘జల ఉష’ యను నోడను నెహ్రూ పండితుడు జలప్రవేశము చేయించినపుడు తెలుగుతీరమున నౌకానిర్మాణము తిరిగి తలయెత్తినది. ఆ సంవత్సరముననే యెన్. సి. సి. శాసనము వచ్చినది, 1952లో దానికి నౌకాశాఖ యేర్పడినది. ఆ శాఖలోని విద్యార్థులు తెడ్లు వేయుట, తెరచాప యెత్తుట, త్రాళ్లు ముడివేయుట, జెండాలతో సంకేతము లిచ్చుట నేర్చుకొందురు. గస్తీపడవ లేకున్నను తెడ్లపడవతోనే తొలిపాఠము సాగును.

తీరమున నున్నవారికి మాత్రమే యిది సాధ్యమనుట పొరపాటు. హైదరాబాదునకును సముద్రము లేదు. అయినను హుస్సేనుసాగరమున నేటేట తెరచాప పడవల పందెములు జరుగుచున్నవి. మనకేమి తక్కువ? 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము కలదు. నిజామాబాదునకు చేరువనే అలీసాగరము కలదు. డిచుపల్లిలో 2006లో స్థాపింపబడిన తెలంగాణ విశ్వవిద్యాలయము కలదు. నీరును విద్యార్థులును ఒకే జిల్లాలో నుండగా నీ రెండింటిని గలుపువారే కావలెను.

“మడికి నీరు లేని యేట పడవకు నీరెక్కడిది?” అని మా రైతుసోదరు లడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని పడవ నీటిని త్రాగదు. నిలిచిన నీటిపై తేలును. తూము తెరచుటకు గాని, వంతునీటికి గాని దానివలన భంగము లేదు. నీరు తగ్గిన నెలలలో పడవ నొడ్డునకు లాగి పటములు, దిక్సూచి, యంత్రముల పాఠములు చెప్పవచ్చును. ప్రాణభయమందురా? ఈత రానివానిని పడవ యెక్కింపకుండుటయు, ఎక్కిన ప్రతివానికి తేలుడు కవచము తొడుగుటయు నియమముగా పెట్టవలెను. నేర్పువాడు లేక చెరువున దిగుట కంటె నేర్పువానియెదుట దిగుట మేలు కదా!

ఈ విషయమున నుపేక్ష తగదనుటకు కారణ మింకొకటి కలదు. బోధను చక్కెర కర్మాగారము 1930 దశకమున వచ్చి చెరకు రైతునకు ధైర్యము నిచ్చినది. 2015 డిసెంబరున దాని గానుగ ఆగినపుడు చుట్టుప్రక్కల గ్రామములెల్ల ఆ దెబ్బను చవిచూచినవి. ఒక్క గానుగను, ఒక్క పంటను నమ్ముకొన్న ప్రాంతపు బిడ్డలకు వేరొక విద్య చేతనుండుట యెంత యవసరమో యప్పుడు తెలిసినది. పడవ యొక్కటే యందరికి జీవనము చూపునని మేము చెప్పుటలేదు. త్రోవలలో నొకటి తెరచునని మాత్రమే చెప్పుచున్నాము.

మేము కోరునది గొప్ప వ్యయము కాదు. అలీసాగరమున నొక తెడ్లపడవ, రెండు తెరచాప పడవలు, నౌకాదళమున పనిచేసి విరమించిన యొక శిక్షకుడు, నీటిపారుదల శాఖ వారి యనుమతి, ఏటికొకమారు కొందరు విద్యార్థులకు విశాఖలో నోడలపై కొన్ని దినముల వాసము. విశ్వవిద్యాలయము పూనుకొని, ప్రభుత్వము చేయూతనిచ్చి, జిల్లాలోని భూస్వాములును వర్తకులును తలయొక చేయి వేసిన నిది సాగక పోదు.

మంజీర కందకుర్తివద్ద గోదావరిలో కలసి సముద్రమును చేరుచున్నది. మన పొలమున పారిన నీటికి తెలిసిన త్రోవ మన బిడ్డలకు తెలియకుండుట తగునా? పెద్దలు యోచింతురుగాక.