ఐదు సెంట్ల రైలు
సరకు విలువనుబట్టియే ధర యేర్పడునని మనము తలంతుము. నాణెమును ధరను శాసించునని న్యూయార్కు చరిత్ర వలన నేను గ్రహించితిని. అచ్చట 1904లో వెలసిన భూగర్భరైలునకు, దూర మెంతయైనను, రుసుము ఐదు సెంట్లే. రెండు మహాయుద్ధములు గడచినను, జీతములు పెరిగినను అది కదలలేదు. పెంచెదనన్నవానికి ఓట్లు రాలవు గదా! లోటును పన్నుల సొమ్ము పూడ్చినది. తుదకు 1948 జులై 1న పది సెంట్లైనది. నాఁటి చట్టము విధించిన కనిష్ఠవేతనము గంటకు 40 సెంట్లు; అనఁగా పనికిఁ బోయివచ్చుటకే బీదవాని యరగంట కష్టము చెల్లిపోయెను.

1953లో రుసుము 15 సెంట్లు చేయఁగా వేఱొక చిక్కు. ద్వారమందలి యంత్రము ఒక్క నాణెమునే మ్రింగును. పదునైదు సెంట్ల నాణెమో, ఆ దేశమున లేదు. అందుచే రైలుసంస్థవారు లోహపుబిళ్లలు చేయించి యమ్మిరి. ఆ బిళ్లల వాడుక 2003 వఱకు నడచినది.