ఎన్‌440కె: ఒక ఉత్పరివర్తనం – వైరస్ పరిణామంలో అనిశ్చితి

2021 మే మొదటివారంలో ఢిల్లీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు జారీచేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి వచ్చేవారు 14 రోజులు క్వారంటైన్ కేంద్రంలో ఉండాలన్నది దాని సారాంశం. టీకా పూర్తయినవారికీ, పరీక్షలో నెగటివ్ వచ్చినవారికీ మాత్రం కొంత సడలింపు ఉంది. సిద్దిపేట నుండి పనిమీద బయలుదేరిన మనిషికైనా ఇదే నియమం. తెలుగు ప్రాంతాలలో ప్రమాదకరమైన ‘ఏపీ స్ట్రెయిన్’ వ్యాపిస్తున్నదన్న ప్రచారమే ఇందుకు నేపథ్యం. శాస్త్రీయంగా దాని గుర్తు ఎన్‌440కె.

వైరస్ ఉపరితలంపై ఉండే స్పైక్ ప్రోటీన్‌లో 440వ స్థానాన ఆస్పరాజిన్‌కు బదులు లైసిన్ అనే అమైనో ఆమ్లం చేరడమే ఈ మార్పు. మానవకణాన్ని పట్టుకొనే భాగంలోనే ఆ స్థానం ఉన్నందున అనుమానం నిరాధారం కాదు. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకుల ప్రయోగంలో, ఈ రకం మానవ పేగుకణాలలో ఏ2ఏ రకం కన్నా పది రెట్లు ఎక్కువగా వృద్ధి చెందింది. వార్తలలోకి వచ్చేసరికి ఇటువంటి అంకెలు ప్రాణాంతకతకు కొలతలైపోయాయి. గాజుపాత్రలోని కణాలకు శరీరపు రోగనిరోధక వ్యవస్థ అండ లేదు. అక్కడ వైరస్ ఒకరి నుండి మరొకరికి వ్యాపించవలసిన పనీ లేదు.

బయట పరిస్థితి వేరు. ఉత్తర్వు వచ్చేనాటికే బి.1.617 వంశం విస్తరిస్తోంది, ఎన్‌440కె తగ్గుముఖం పట్టింది. ఈ సంగతిని సీసీఎంబీ శాస్త్రవేత్తలే స్పష్టం చేశారు. ఆ వంశంలోని ఒక శాఖకే మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘డెల్టా’ అని పేరు పెట్టింది. జనం భయపడిన రకం ఒకటి, ప్రాణాలు తీసినది మరొకటి.

అదే ఏడాది నవంబరులో ఒమిక్రాన్ బయటపడింది. అది డెల్టా సంతతి కాదు, వేరే శాఖ నుండి వచ్చింది. దాని స్పైక్‌లోని 30కి పైగా మార్పులలో ఎన్‌440కె కూడా ఉంది! తెలుగు నేలమీది రకం అక్కడికి ప్రయాణించిందని దీని అర్థం కాదు. అదే మార్పు వేరొక వంశంలో విడిగా తలెత్తింది. కొన్ని రకాల యాంటీబాడీల పట్టు తప్పించుకోవడానికి ఆ మార్పు తోడ్పడుతుంది. టీకాల వల్లా, పూర్వపు సోకుడు వల్లా జనాభాలో యాంటీబాడీలు పెరిగిన కొద్దీ అటువంటి మార్పు విలువ కూడా పెరుగుతుంది.

కాబట్టి ఏ స్థానాలలో మార్పు వైరస్‌కు లాభిస్తుందో కొంతవరకు ఊహించవచ్చు. ఏ వంశంలో, ఎప్పుడు, ఏయే మార్పులతో కలిసి వస్తుందో ఊహించడం కష్టం. వైరస్ కాలక్రమంలో తప్పక మెత్తబడుతుందన్న నమ్మకానికీ గట్టి ఆధారం లేదు. కోవిడ్‌లో రోగి పరిస్థితి విషమించేది సాధారణంగా అతని నుండి ఇతరులకు సోకిన తరువాతనే. అందువల్ల తీవ్రత తగ్గించుకోవలసిన ఒత్తిడి వైరస్‌పై స్వల్పం. డెల్టా తన ముందు రకాలకన్నా తీవ్రమైనదే.

జన్యుక్రమ విశ్లేషణ కూడా జరిగినదాన్నే చెబుతుంది. సిద్దిపేటలో సేకరించిన నమూనా హైదరాబాదు చేరి, దాని క్రమం తేలేలోగా ఆ రోగి కోలుకొని ఇంటికి వెళ్లి ఉండవచ్చు. వైరస్ మరికొందరిని చేరి ఉండవచ్చు.