బొమ్మల కొలువులో వరిచేను


సంక్రాంతికి మా అమ్మ బొమ్మల కొలువు పెట్టేటప్పుడు పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు చల్లేది. పండగనాటికి పచ్చటి మొలకలు వచ్చేవి. ఇక్కడ అమెరికాలో, జనవరి చలికి, మా కిటికీ దగ్గర అవి సరిగ్గా రాలేదు. "నాన్నా, చేను లేకపోతే ఎడ్లబండి ఎక్కడికి వెళ్తుంది?" అని మా అమ్మాయి అడిగింది. అందుకోసం నేను చేసిన పరికరం గురించి, అందులో చేసిన పొరపాట్ల గురించి ఈ రోజు చెప్తాను.

బొమ్మ రైళ్ళ కోసం చిన్న ఊళ్ళు, పొలాలు తయారుచేసేవాళ్ళు స్టాటిక్ గ్రాస్ అనే నైలాన్ పోగులు వాడతారు. ఇవి 2, 4, 6 మిల్లీమీటర్ల పొడవుల్లో దొరుకుతాయి. చేత్తో చల్లితే పడుకుంటాయి. నిలబెట్టడానికి స్థిర విద్యుత్తు కావాలి. చలికాలంలో కార్పెట్ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుందే, అదే. ఒక జాలికి ఎక్కువ వోల్టేజి ఇచ్చి, కింద ఉన్న తడి జిగురుకు రెండో తీగ కలిపితే, పోగులు నిలువుగా తిరిగి జిగురులోకి దూకి గుచ్చుకుంటాయి.

కావలసినవి: టీ వడకట్టే స్టీలు జాలి, ప్లాస్టిక్ పైపు ముక్క, స్విచ్, ఎనిమిది ఏఏ సెల్స్ పట్టే పెట్టె, ఒక క్లిప్పు, ఒక మేకు, 12 వోల్టుల డీసీతో నడిచే నెగెటివ్ అయాన్ జనరేటర్. గాలిని శుభ్రం చేసే కొన్ని యంత్రాల్లో ఉండేది ఇదే. గోడ ప్లగ్గుతో నడిచే రకం కూడా ఇదే పేరుతో అమ్ముతారు. అది మాత్రం వద్దు. మన చేతిలోని తీగ ఇంటి కరెంటుకు కలిసే ప్రమాదం ఉంది.

ఇక తీగలు. బ్యాటరీ ప్లస్ నుంచి స్విచ్‌కి, స్విచ్ నుంచి జనరేటర్ ఎర్ర తీగకి. బ్యాటరీ మైనస్ నుంచి నల్ల తీగకి. ఇవి తారుమారైతే జనరేటర్ పాడైపోవచ్చు. వోల్టేజి బయటికొచ్చే తీగను జాలికి టంకం వెయ్యాలి. జనరేటర్‌కు విడిగా ఎర్త్ తీగ ఉంటే దానికి, లేకపోతే బ్యాటరీ మైనస్‌కి, పొడవాటి తీగతో క్లిప్పు తగిలించాలి. బయటికొచ్చేది వేల వోల్టులు. మామూలు ఎలక్ట్రికల్ టేపు సాధారణంగా 600 వోల్టుల వరకే పనికొస్తుంది. అందుకని ఆ అతుకును వేడి జిగురుతో మందంగా కప్పి, స్విచ్‌కి దూరంగా ఉంచాలి.

నా మొదటి పొరపాటు: మేకును థర్మోకోల్‌లో గుచ్చి దానికి క్లిప్పు పెట్టాను. థర్మోకోల్‌లో కరెంటు పారదు. గడ్డి తుఫానుకు పడిపోయిన వరిచేనులా పడుకుంది. మేకు తడి జిగురును తాకాలి. తెల్ల జిగురు ఆరిపోతే పని చెయ్యదు కాబట్టి కొంచెం కొంచెంగా పూసుకుంటూ, జాలిని రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుని మెల్లగా కదపాలి.

రెండో పొరపాటు పెద్దది. స్విచ్ ఆపేశాను కదా అని జాలిని పట్టుకున్నాను. చెయ్యి ఝల్లుమని జాలి కింద పడింది. పక్కనే మా అమ్మాయి చెయ్యి చాపి ఉంది. స్విచ్ ఆపినంత మాత్రాన జాలిలో చార్జి పోదు. ఆపిన ప్రతిసారీ క్లిప్పును జాలికి ఆనించాకే ముట్టుకోవాలి. ఇప్పుడు మా ఇంట్లో ఆ పని నాది, పిల్లలది చూసే పని.

దోమల బ్యాట్ విప్పి ఇదే చెయ్యొచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగారు. కొందరు చేస్తారు. కానీ అందులో చార్జిని దాచుకునే కెపాసిటర్ ఉంటుంది, దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. పిల్లలున్న ఇంట్లో వద్దనే అంటాను. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళలో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే ఈ పరికరం దగ్గరికి రానివ్వకండి. నిప్పంటుకునే స్ప్రే జిగుర్లు దగ్గర పెట్టకండి, నిప్పురవ్వ వస్తుంది.

పండగ రోజు ఎడ్లబండి చేను గట్టు మీద నిలబడింది. అమ్మ వీడియోలో చూసి, "బాగుందిరా, కానీ ఆవాలకైతే షాక్ కొట్టదు" అంది.

సెలవు.